అమ్మేసిన కారు, మిగిలిన ఫోటోలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసుకోవడం గురించి మాట్లాడుకున్నాం కదా, దానికి వచ్చిన మెయిల్స్ చదువుతుంటే పెళ్లి ఫోటోల కంటే ఎక్కువగా కార్ల గురించి అడిగారు, ఒకప్పుడు ఇంట్లో ఉండి తర్వాత అమ్మేసిన కార్లు. నాకు చాలా సంతోషమనిపించింది. ఇల్లు అమ్మినా అటు వైపు వెళ్తే కనబడుతుంది, కారు అలా కాదు, చేతులు మారి మారి ఏదో ఊళ్లో తుక్కు కింద పోతుంది, ఇక మిగిలేది ఆ నాలుగు ఫోటోలే. అందుకే ఈసారి మొత్తం వాటికే ఇచ్చేశాను.

మా నాన్నగారు 1979లో ప్రీమియర్ పద్మిని కొన్నారండి, క్రీమ్ కలర్. 1997లో అమ్మేశాం. కారు ముందు నిలబడి తీయించుకున్న కలర్ ఫోటోలు కొన్ని ఉన్నాయి, అన్నీ ఎర్రగా అయిపోయాయి. చాలా ఏళ్ల కిందట ఒక స్టూడియో వాళ్లు వాటిని స్కాన్ చేసి సీడీ ఇచ్చారు. ఆ ఫైల్స్‌ని ఫోన్లో ఎంత ఎడిట్ చేసినా కారు గులాబీ రంగు వదలట్లేదు, పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా వస్తోంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, రాజమండ్రి

ముందు ఆ సీడీని పక్కన పెట్టండి, పారేయొద్దు, పక్కన పెట్టండి అంతే. మీరు పంపిన ఫైల్ చూశాను, అది 640 బై 480, అంటే మొత్తం కలిపి 3 లక్షల పిక్సెల్స్ చిల్లర. అదే పోస్ట్‌కార్డ్ సైజు ప్రింటుని ఇవాళ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 3600 బై 2400 వస్తుంది, 86 లక్షల పిక్సెల్స్. మీరు ఫోన్లో గంటలు గంటలు కూర్చుని సరిచేయాలని చూస్తున్నది అసలు ఫోటోలో పాతికో వంతు కూడా లేని ఫైల్‌ని, అందుకే ఏం చేసినా రావట్లేదు, తప్పు మీ చేతిలో లేదు. ప్రింట్లు మీ దగ్గరే ఉన్నాయంటున్నారు కాబట్టి మళ్లీ స్కాన్ చేయించండి.

అంతకంటే ముందు ఇంకో పని. నెగటివ్‌లు వెతకండి. ఆ రోజుల్లో రీలు కడిగించి ప్రింట్లు వేయిస్తే కలర్ ల్యాబ్ వాళ్లు నెగటివ్‌లని ముక్కలుగా కత్తిరించి ప్రింట్లతో పాటు కాగితం కవర్లో పెట్టిచ్చేవాళ్లు, ప్రింట్లేమో ఆల్బమ్‌లోకి వెళ్లాయి, ఆ కవరు చాలా ఇళ్లల్లో బీరువా అడుగునో పాత సూట్‌కేసులోనో ఇంకా ఉంటుంది. నెగటివ్ దొరికితే ప్రింటు కంటే అది మేలు, ఎందుకంటే ప్రింటు వేసేటప్పుడే ఎండ పడ్డ బానెట్ మీదా నీడలో ఉన్న చక్రాల దగ్గరా వివరాలు కొన్ని పోతాయి, నెగటివ్‌లో అవి ఉంటాయి. 35 ఎంఎం నెగటివ్‌ని 2400 డీపీఐలో స్కాన్ చేసినా సుమారు 3400 బై 2250 వస్తుంది. కాకపోతే దానికి మూత లోపల కూడా లైటు ఉన్న స్కానర్ కావాలి, మామూలు ఆఫీసు స్కానర్‌తో కుదరదు.

ఇక ఎరుపు ఎందుకొచ్చిందో చెప్తాను, అది తెలిస్తే సరిచేయడం సులువవుతుంది. కలర్ ప్రింటులో మూడు పొరల రంగులుంటాయి, నీలి ఆకుపచ్చ లాంటి సయాన్, మెజెంటా, పసుపు. ఆ కాలం కాగితాల్లో చాలావాటికి ఆల్బమ్ చీకట్లో ఉన్నా సరే సయాన్ ముందు పోతుంది, వేడికీ తేమకీ ఇంకా తొందరగా పోతుంది, మన గోదావరి జిల్లాల్లో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎర్ర కాంతిని ఆపేది సయానే, అది పోయేసరికి నల్లగా ఉండాల్సిన చోట కూడా ఎరుపు వచ్చేస్తుంది. అంటే మీ ఫోటో మీద ఎవరూ ఎరుపు పూయలేదు, అందులోంచి ఇంకో రంగు వెళ్లిపోయింది. ఫోన్లో ‘వార్మ్త్’ తగ్గిస్తే, ‘టింట్’ జరిపితే ఇది పోదు, అవి ఫోటో మొత్తాన్ని ఒకేలా జరుపుతాయి, మీకు కావాల్సింది ఒక్కో రంగు చానల్‌ని, అంటే ఫైల్‌లో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లని, విడివిడిగా సరిచేయడం.

జింప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోటోషాప్ ఉంటే అదైనా సరే. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి, చానల్ దగ్గర రెడ్ ఎంచుకోండి. కొండలాంటి గ్రాఫ్ ఒకటి కనబడుతుంది, మీ ఫోటోలో అది ఎడమ చివర ఖాళీగా ఉండి ఎక్కడో మధ్యలో మొదలవుతుంది, కింద ఉన్న నల్ల త్రికోణాన్ని ఆ గ్రాఫ్ మొదలయ్యే చోటికి జరపండి. ఒక్క దెబ్బకి ఎరుపు చాలావరకు దిగిపోతుంది, మొదటిసారి చూసినప్పుడు మీకే ఆశ్చర్యమేస్తుంది. తర్వాత బ్లూ చానల్‌కి వెళ్లండి, పాత కాగితం తెలుపు పసుపెక్కి ఉంటుంది కాబట్టి అక్కడ గ్రాఫ్ కుడి చివర ఖాళీగా ఉంటుంది, తెల్ల త్రికోణాన్ని లోపలికి జరపండి. గ్రీన్ కూడా ఒకసారి చూసుకోండి. మధ్యలో ఉన్న బూడిద త్రికోణాన్ని మాత్రం కొంచెం కొంచెంగా కదపండి, తేడా అంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీ కారే మీకు సాయం చేస్తుంది. అప్పట్లో సొంత కార్లకి నంబర్ ప్లేటు నల్ల పలక మీద తెల్ల అక్షరాలు కదా, అంటే ఫోటోలో నలుపూ తెలుపూ రెండూ పక్కపక్కనే ఉన్నట్టే. లెవెల్స్‌లో డ్రాపర్ బొమ్మలుంటాయి, నల్ల డ్రాపర్‌తో ప్లేటు నలుపు మీద, తెల్ల డ్రాపర్‌తో అక్షరం మీద క్లిక్ చేసి చూడండి, చాలా ఫోటోల్లో దీంతోనే మూడొంతుల పని అయిపోతుంది. టైరు మీద క్లిక్ చేయకండి, టైరు మీద మట్టి ఉంటుంది. బంపర్ మీద అసలొద్దు, క్రోమ్‌కి సొంత రంగు ఉండదు, ఎదురుగా ఉన్న ఆకాశమో అరుగో అందులో కనబడుతుంది. ఇంకో సంగతి, ఫోటో సాయంత్రం ఎండలో తీసి ఉంటే ప్లేటు తెలుపు కూడా నిజంగానే కాస్త పసుపుగా ఉంటుంది, దాన్ని తెల్లగా తోమేస్తే ఎరుపుతో పాటు ఆ సాయంత్రం కూడా పోతుంది, కాబట్టి నీడలు పొడుగ్గా ఉన్నాయేమో చూసి ఆగండి.

క్రీమ్ కలర్ అన్నారు కాబట్టి చివర్లో ఒక జాగ్రత్త. కారుని తెల్లగా చేసేయాలనిపిస్తుంది, చేయకండి, తెల్ల పద్మిని వేరే, మీది వేరే. పాత ఆర్‌సీ బుక్ కాపీ ఎక్కడైనా ఉంటే అందులో రంగు రాసి ఉంటుంది, అది చూసుకోండి, వీలైతే ఇప్పటికీ బాగా ఉంచుకున్న అదే రంగు పద్మిని ఫోటో ఒకటి పక్కన తెరిచి పెట్టుకుని పోల్చుకోండి. అమ్మగారినో పెద్దన్నయ్యగారినో స్క్రీన్ ముందు కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, వాళ్లు “ఇంకాస్త పసుపు ఉండేదిరా” అంటారు చూడండి, ఆ మాటకి విలువెక్కువ.

మా బాపుకు సొంత అంబాసిడర్ ఉండె. ఫోటో ఒక్కటే మిగిలింది. మా అల్లుడు ఫోన్ల ఏదో ఏఐ యాప్‌ల ఏసి క్లియర్ చేసిండు. మస్తు క్లియర్ వచ్చింది గని నంబర్ ప్లేట్ మీద అక్షరాలు మారిపోయినయ్, ముంగట జాలి గూడ మన బండిది గాదనిపిస్తుంది, మా బాపు మొఖం వేరేటోళ్ల లెక్క కొడుతుంది. ఎట్ల సరిజేసుకోవాలె? – ఒక పాఠకుడు, కరీంనగర్

మీ కళ్లు కరెక్టే చెప్పాయండి. ఆ యాప్ క్లియర్ చేయలేదు, కొత్తగా గీసింది. ఈ ఏఐ ప్రోగ్రాములకి లక్షల ఫోటోలు చూపించి, వాటినే మసకగా చేసి, మసకదాన్నుంచి స్పష్టమైనదాన్ని ఊహించడం నేర్పిస్తారు. అందుకని మసకగా ఉన్న చోట అది తనకి బాగా తెలిసినదాన్ని తెచ్చి పెడుతుంది. ముఖాల కోసం వాడే జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ లాంటివి అయితే అది నేర్చుకున్న వేల ముఖాల్లోంచి దగ్గరగా ఉన్నదాన్ని కడతాయి, మీ బాపు కళ్ల దగ్గర ముడతలు దానికి మరకలా కనబడ్డా ఆశ్చర్యం లేదు. నంబర్ ప్లేటు దగ్గర ఇంకా ఘోరం, అక్షరాల ఆకారం మాత్రమే తెలుసు దానికి, నంబరు తెలియదు.

అంబాసిడర్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 1950ల చివర్లో మొదలై 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా బండి ఒంటి తీరు పెద్దగా మారలేదు, మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 అంటూ వచ్చినవాటిని మనవాళ్లు గుర్తుపట్టేదే ముందు జాలీ చూసి, లైట్లు చూసి. యాప్ అన్నీ కలిపేసి ఏదో ఒక జాలీ పెట్టేస్తే అది ఇక మీ బండి కాదు, ఎవరి బండీ కాదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, పాత స్కాన్ ఉంది కదా, జింప్‌లో దాన్ని కింద లేయర్‌గా (పొరగా), ఏఐ చేసినదాన్ని పైన లేయర్‌గా పెట్టండి, పైదానికి మాస్క్, అంటే కావాల్సిన చోట పై పొరని దాచే తెర, వేసి ముఖం, జాలీ, ప్లేటు, బానెట్ మీది బొమ్మ, ఇవన్నీ చెరిపేసి కింద ఉన్న అసలుది కనబడనివ్వండి. ఆకాశం, గోడ, రోడ్డు లాంటి చోట్ల ఏఐది సగం ఒపాసిటీతో, అంటే కింది పొర సగం కనబడేలా, ఉంచినా నష్టం లేదు, అక్కడ అది గింజలు గింజలుగా ఉన్నదాన్ని బాగానే సాఫ్ చేస్తుంది. లేయర్‌ని ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ చూడండి, ఎక్కడ ఏం మారిందో కంటికి టక్కున దొరుకుతుంది. ముఖం కొంచెం మసకగానే ఉంటుంది, ఉండనివ్వండి, అది మీ బాపు ముఖం.

నంబరు చదవడానికి రాకపోతే యాప్‌ని అడగకుండా పాత ఇన్సూరెన్స్ కాగితాలు, అమ్మినప్పుడు రాసుకున్న కాగితం వెతకండి. 1989 జులైకి ముందు రిజిస్టరైన బండి అయితే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత నంబరు ఉంటుంది, తర్వాతివాటికే ఏపీ పక్కన జిల్లాకి రెండంకెల కోడ్ వచ్చింది. దాన్ని బట్టి ఫోటోలో ఉన్నది ఏ కాలం బండో కూడా తేలుతుంది. నంబరు తెలిశాక కూడా ఫోటోలో దాన్ని కొత్తగా రాయకండి, వెనకాల రాసుకోండి చాలు.

కారు ఫోటోలో పక్కన మా పాత డ్రైవర్ నిలబడి ఉన్నాడు. ఫ్రేమ్ కట్టించడానికి అతన్ని తీసేసి కారొక్కటే ఉంచమని ఇంట్లో అంటున్నారు. స్టూడియో వాళ్లు ఈజీగా తీసేస్తామన్నారు. – ఒక పాఠకురాలు, గుంటూరు

తీయించొద్దమ్మా. ఈజీగా తీసేయొచ్చన్నది నిజమే, ఆ ఖాళీలో కారు వెనక డోరూ కొంత గోడా సాఫ్ట్‌వేర్ కల్పించి పెడుతుంది, చూసినవాళ్లకి తేడా కూడా తెలియదు. కానీ ఆ కారు దగ్గర ఎక్కువసేపు ఉన్నది ఎవరు, పొద్దున్నే తుడిచింది ఎవరు, ఏ శబ్దం దేనిదో తెలిసింది ఎవరికి? ఆయన ఉన్నారు కాబట్టే అది మీ ఇంటి కారు ఫోటో. కారొక్కటే కావాలంటే ఫోటోని క్రాప్ చేసి ఇంకో ప్రింటు వేయించుకోండి, క్రాప్ చేయడంలో అబద్ధం లేదు. పూర్తి ఫోటో ఇంకో కాపీ వేయించి ఆయనకో ఆయన పిల్లలకో పంపండి, వాళ్ల దగ్గర ఆ కాలంలో ఆయన ఫోటో ఒక్కటీ లేకపోవచ్చు.

మేం డాలస్‌లో ఉంటాం. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు నాన్న కొన్న ఎర్ర మారుతి 800 ఫోటోలు 2001లో స్కాన్ చేసుకున్నాను, తర్వాత ఇల్లు మారినప్పుడు ఆల్బమే పోయింది. ఇప్పుడు ఉన్నవి 1024 బై 768 జేపెగ్‌లు మాత్రమే. కారు ఎర్రటి ముద్దలా ఉంది, డోర్ గీతలు కూడా కనబడట్లేదు. – ఒక పాఠకుడు, టెక్సాస్

ప్రింట్లు పోయాయంటున్నారు కానీ అప్పట్లో ప్రింట్లు వేయిస్తే రెండో కాపీ పెద్దమ్మకో అత్తయ్యకో ఇవ్వడం మనకి అలవాటు, కాబట్టి ఇండియాలో చుట్టాలందరికీ ఒకసారి ఫోన్ చేయండి, “మా కారు ఫోటో మీ ఆల్బమ్‌లో ఉందా” అని. ఉంటే వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. 2001 నాటి సీడీ ఇంకా ఉంటే అందులో ఇంతకంటే పెద్ద ఫైల్స్ ఉన్నాయేమో కూడా చూడండి, ఇంట్లో రాసుకున్న సీడీలు ఎప్పటికీ ఉండవు, తెరుచుకుంటున్నప్పుడే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేయండి.

ఏమీ దొరకకపోయినా ఒక దారి ఉంది, ఎర్ర కార్లకే పనికొచ్చే దారి. ముదురు ఎరుపుని స్కాన్ చేసినప్పుడు రెడ్ చానల్ పూర్తిగా నిండిపోయి 255 దగ్గర, అంటే దాని గరిష్ఠం దగ్గర, ఆగిపోతుంది, అందుకే కారు ముద్దలా ఉంది. కానీ గ్రీన్ చానల్‌లో ఆ వెలుగునీడలు ఇంకా ఉంటాయి, చాలా మసకగా ఉంటాయి, అయినా ఉంటాయి. జింప్‌లో డీకంపోజ్ చేసి మూడు చానల్స్‌నీ విడివిడిగా చూడండి, గ్రీన్‌లో డోర్ గీత, హ్యాండిల్ నీడ, బానెట్ మడత కనబడితే దాన్ని కాపీ చేసి అసలు ఫోటో మీద లేయర్‌గా వేసి, లెవెల్స్‌తో వెలిగించి, మోడ్‌ని ల్యూమినెన్స్‌కి (రంగుని వదిలేసి వెలుగునే మార్చేదానికి) మార్చి, కారు ఒంటి వరకే మాస్క్ చేసి, ఒపాసిటీ 20 నుంచి 40 మధ్య పెట్టి చూడండి. కారు మళ్లీ కారులా లేస్తుంది. ఇది ఏఐ కల్పించింది కాదు, మీ ఫైల్‌లోనే దాక్కున్నది.

గళ్ల సంగతికొస్తే, జేపెగ్ ఫోటోని 8 బై 8 పిక్సెల్స్ ముక్కలుగా కోసి కుదిస్తుంది, మళ్లీ సేవ్ చేస్తే మళ్లీ కుదిస్తుంది. కాబట్టి మొదట చేయాల్సిన పని ఆ ఫైల్‌ని టిఫ్‌గా, అంటే వివరం పోకుండా దాచే రకంగా, సేవ్ చేసుకుని దాని మీద పనిచేయడం, అసలు జేపెగ్‌ని ముట్టుకోకుండా ఉంచడం. ప్రింటు విషయంలో ఆశ తగ్గించుకోండి, 1024 పిక్సెల్స్‌కి 5 అంగుళాల వెడల్పు దాకా బాగుంటుంది, పెద్ద ఫ్రేమ్ కావాలంటే చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంట్ వేసి మధ్యలో చిన్న ఫోటో పెట్టించుకోండి, గోడ మీద చాలా బాగుంటుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చి ఆల్బమ్ తడిసిపోయిందండి. మా నాన్న ట్యాక్సీ అంబాసిడర్ ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆరాక చూస్తే ఫోటోలు ప్లాస్టిక్‌కి అంటుకుపోయాయి, పీకితే రంగు ఊడొస్తోంది. – ఒక పాఠకురాలు, విజయవాడ

పీకడం ఆపేయండి, ఇప్పటికి ఊడినవి చాలు. అంటుకున్నవాటిని ప్లాస్టిక్‌తో సహా ముందు స్కాన్ చేయండి, స్కానర్ లేకపోతే పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పెట్టి ఫోన్‌తో తీయండి, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పట్టుకుని, ప్లాస్టిక్ మీద మెరుపు వస్తే కొంచెం కొంచెం జరుగుతూ నాలుగైదు తీయండి. మెరుపు ఒక్కో దాంట్లో ఒక్కో చోట పడుతుంది, తర్వాత వాటిని కలిపేసుకోవచ్చు. ముందు ఏదో ఒక రూపంలో బొమ్మ చేతికి రావాలి, మిగతావన్నీ తర్వాత.

నీళ్లలో నానబెడితే విడిపోతాయని ఎవరైనా చెప్తారు, మామూలుగా అంటుకున్న ల్యాబ్ ప్రింట్లకి అది పనిచేస్తుంది కూడా, కానీ వరద నీళ్లలో తడిసి బూజు పట్టినవాటికి వద్దు, బొమ్మని పట్టుకున్న జిలాటిన్ పొర అప్పటికే కుళ్లి ఉంటుంది, నీళ్లలో పెట్టగానే మొత్తం జారిపోతుంది. బూజు ఉంటే మాస్క్ పెట్టుకుని ముట్టుకోండి. మళ్లీ వానాకాలం వస్తుంది కాబట్టి అందరికీ చెప్తున్నా, ఆల్బమ్ తడిసిన రోజే అయితే ఆరనివ్వకుండా వెంటనే విడదీసి, శుభ్రమైన చన్నీళ్లలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా తెల్ల గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు, న్యూస్ పేపర్ మీద వద్దు, సిరా అంటుతుంది. అంత టైం లేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి, కొన్ని రోజులు ఆగుతుంది.

రంగు ఊడిన చోట్ల గురించి. అది కారు ఒంటి మీదైతే అదే కారు ఇంకో ఫోటోలోంచి ఆ ముక్క తెచ్చుకోవచ్చు, గోడ మీదో నేల మీదో అయితే హీల్ టూల్‌తో పక్కదాన్నుంచి నింపొచ్చు. నాన్నగారి ముఖం మీద ఊడితే మాత్రం అలాగే వదిలేయమంటాను.

మా ఫోటోలు గరుకు కాగితం మీద వేసినవి, స్కాన్ చేస్తే కారు మొత్తం చుక్కలు చుక్కలుగా వస్తోంది. – ఒక పాఠకుడు, తిరుపతి

దాన్ని సిల్క్ పేపర్ అనేవాళ్లు, వేలిముద్రలు పడవని చాలామంది అడిగి మరీ వేయించుకునేవాళ్లు. స్కానర్ లైటు ఒక వైపు నుంచే వస్తుంది, కాగితం మీద బొడిపెలకి రెండో వైపు నీడ పడుతుంది, ఆ నీడలే మీ చుక్కలు. ఒకసారి మామూలుగా స్కాన్ చేయండి, ఫోటోని తలకిందులుగా తిప్పి ఇంకోసారి చేయండి, రెండో ఫైల్‌ని సరిగ్గా తిప్పి మొదటిదాని మీద లేయర్‌గా పెట్టి ఒపాసిటీ 50 చేయండి. ఒకదాంట్లో నీడ ఉన్న చోట ఇంకోదాంట్లో వెలుగు ఉంటుంది, రెండూ కలిస్తే చుక్కలు చాలావరకు చెదిరిపోతాయి. రెండూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, లేదంటే కారు రెండుగా కనబడుతుంది, ఆ ఒక్క చోట ఓపిక పట్టండి. మిగిలిన చుక్కలకి ఫోరియర్ ఫిల్టర్ ఉంది, జింప్‌కి ఉచితంగానే దొరుకుతుంది, కాగితం మీద ఒకేలా తిరిగి తిరిగి వచ్చే డిజైన్ అందులో విడిగా మెరిసే చుక్కల్లా కనబడుతుంది, వాటిని చెరిపేస్తే సరి. బ్లర్ మాత్రం చేయకండి, చుక్కలతో పాటు కారు కూడా పోతుంది.

మా మామయ్యకి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, చతురస్రంగా ఉన్న చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో దొరికింది. కలర్‌లోకి మార్చుకోవచ్చా? ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. – ఒక పాఠకురాలు, హనుమకొండ

చతురస్రం అంటున్నారు కాబట్టి బహుశా అగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాతో తీసి, నెగటివ్ సైజులోనే వేసిన ప్రింటు అయి ఉంటుంది, 6 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్నదే కానీ అందులో వివరం బాగా ఉంటుంది, 1200 డీపీఐలో స్కాన్ చేయండి, గ్రే స్కేల్‌లో కాకుండా కలర్ మోడ్‌లోనే చేయండి, మరకల రంగు వేరుగా తెలిస్తే తీయడం సులువు.

రంగు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ వెలుగు ఎంతుందో పట్టుకుంటుంది, ఏ రంగో పట్టుకోదు, ఒక ఎరుపూ ఒక ఆకుపచ్చా ఫోటోలో ఒకే బూడిద రంగులో పడొచ్చు. కాబట్టి యాప్ నీలం అని చెప్పినా మెరూన్ అని చెప్పినా అది దానికి తోచింది అంతే. ఆర్‌సీ బుక్ దొరికితే అందులో చూసి వేయండి. దొరకకపోతే నా మాట విని బ్లాక్ అండ్ వైట్‌లోనే శుభ్రం చేసుకోండి, మద్రాసులో తయారైన ఆ హెరాల్డ్ అందమంతా దాని గీతల్లో ఉంది, అది రంగు లేకుండానే కనబడుతుంది. తప్పదు, రంగు వేయాలి అంటే ఫైల్ పేరులోనే ‘ఊహించి వేసిన రంగు’ అని పెట్టండి, లేదంటే పదేళ్ల తర్వాత పిల్లలు “మామయ్య కారు నీలం” అని అదే నిజమనుకుంటారు.

ఇవన్నీ నాకు చేతకావు. స్టూడియోలో ఇస్తే ఏమని అడగాలి? – ఒక పాఠకుడు, నెల్లూరు

ప్రింట్లు ల్యామినేషన్ చేసి ఉన్నా ఫ్రేమ్ అద్దానికి అంటుకుని ఉన్నా విడదీయొద్దని మొదటే చెప్పండి, అద్దంతో సహా స్కాన్ చేయమనండి. 600 డీపీఐ, కలర్, టిఫ్ ఫైల్, ఆటో కలర్ ఆటో షార్ప్ రెండూ ఆపేసి, ఇలా కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే మర్చిపోతారు. ఫోటో వెనకవైపు ఏదైనా రాసి ఉంటే, కనీసం కాగితం కంపెనీ పేరు ఉన్నా సరే, వెనకవైపు కూడా స్కాన్ చేయమనండి. ఏమీ ముట్టుకోని స్కాన్ ఒకటి, బాగుచేసింది ఒకటి, రెండు ఫైల్స్ విడివిడిగా కావాలని అడగండి, కొందరు బాగుచేసినదే ఇచ్చి అసలుది డిలీట్ చేసేస్తారు. ముఖాలు నున్నగా చేయొద్దు, వెనక బ్యాక్‌గ్రౌండ్ మార్చొద్దు, నంబర్ ప్లేటు మళ్లీ టైప్ చేయొద్దు, ఈ మూడూ అడక్కపోయినా చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. మొదట ఒక్క ఫోటోనే ఇచ్చి, నచ్చితేనే మిగతావి ఇవ్వండి. ఫైల్స్ పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి, నంబరు లెక్కపెట్టుకుని ప్రింట్లన్నీ వెనక్కి తీసుకోండి, నెగటివ్ కవరు కూడా.

(వచ్చే నెల పాత స్కూటర్ల ఫోటోల గురించి వచ్చిన ప్రశ్నలు తీసుకుంటాం. ఫోటో పంపేవాళ్లు బాగుచేయకముందు స్కాన్ పంపండి.)